‘ఇది ఎక్కడిది?’ అని అడగడం నేర్పుదాం

(హోసూరులో జరిగిన తెలుగు విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభ అనగానే బడులు, ఉపాధ్యాయుల నియామకాలు, పాఠ్యపుస్తకాలు, పరీక్షా పత్రాలు – వీటిని గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈరోజు నాకిచ్చిన విషయం వేరు. బడిలో ఇచ్చే ప్రాజెక్టుల కోసం మన పిల్లలు అంతర్జాలంలో సమాచారాన్ని ఎలా వెతకాలి, దొరికినదాన్ని ఎలా పరీక్షించాలి, ఎవరి నుంచి తీసుకున్నారో ఎలా చెప్పాలి అన్నది ఆ విషయం. ఇది బడి పంతుళ్ళు చూసుకోవలసిన పని కదా, ఉద్యమ సభలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు.

నా వృత్తి న్యాయవాదం. ఎంత గట్టిగా వాదించినా ఆధారం లేని మాట న్యాయస్థానంలో నిలవదు. మైనారిటీల విషయంలో ఇది మరింత నిజం. సంఖ్యాబలం ఉన్నవాడు ఆధారం చూపకుండా మాట్లాడినా చెల్లిపోతుంది. తక్కువ సంఖ్యలో ఉన్నవాడి ప్రతి మాటకూ ‘రుజువేదీ?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల తరం మనకు కావాలి. ఆ తరం తయారయ్యేది ఆరో తరగతి పిల్లవాడి ప్రాజెక్టు పుస్తకంలోనే అన్నది నా నమ్మకం.

మన హక్కులు కాగితాల మీద నిలిచినవి

రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు మన భాషను కాపాడుకొనే హక్కును, మన విద్యాసంస్థలను నడుపుకొనే హక్కును ఇచ్చాయి. 1956లో ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని మొదటిది చెబుతుంది. భాషా మైనారిటీల రక్షణల అమలును పరిశీలించడానికి ఒక ప్రత్యేకాధికారి ఉండాలని రెండోది చెబుతుంది. అంతకుముందే, 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడిలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది ఆ కొలత. 1956 నాటి కేంద్ర ప్రభుత్వ విజ్ఞాపన పత్రం మరొక కొలత పెట్టింది. ఒక జిల్లాలో గానీ, తాలూకా, పురపాలక సంఘం వంటి చిన్న ప్రాంతంలో గానీ భాషా మైనారిటీలు 15 నుంచి 20 శాతం ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలోనూ ప్రచురించడం మేలన్నది దాని సారాంశం.

గమనించండి. ఇవన్నీ అంకెలు. నలభై, పది, పదిహేను శాతం. అంకె అడిగిన చోట ఆవేశం చూపిస్తే పని జరగదు. అంకె చూపాలి, ఆ అంకె ఎక్కడిదో చెప్పాలి.

మన సభల్లో తమిళనాడులో తెలుగువారి సంఖ్యను ఒకరు రెండు కోట్లంటారు, మరొకరు మూడు కోట్లంటారు. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు ఈ రాష్ట్రంలో సుమారు 42 లక్షల 34 వేల మంది. అంటే జనాభాలో 5.87 శాతం. ఈ తేడా ఎందుకు వచ్చింది? జనగణన లెక్కించేది ‘నా మాతృభాష తెలుగు’ అని చెప్పినవారిని మాత్రమే. పూర్వీకులది తెలుగై, ఇప్పుడు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడుతూ అదే రాయించుకున్నవారు అందులోకి రారు. తెలుగు మూలాలున్నవారు ఎందరన్నది ఒక ప్రశ్న, తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు ఎందరన్నది మరొక ప్రశ్న. రెండింటినీ కలిపి ఒకే అంకెగా వినతిపత్రంలో రాస్తే, దాన్ని చదివే అధికారి ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని మిగతా పది న్యాయమైన కోరికలనూ పక్కన పడేస్తాడు.

పైగా మనకు అక్కరకు వచ్చేది రాష్ట్రం మొత్తం మీది 5.87 శాతం కాదు. 1956 పత్రం జిల్లాను, తాలూకాను, పురపాలక సంఘాన్ని ప్రస్తావించింది కాబట్టి హోసూరులో ఎంత, డెంకణికోటలో ఎంత, కృష్ణగిరిలో ఎంత అన్నది తీయాలి. జనగణన శాఖ వెబ్‌సైటులో సి-16 అనే పట్టిక మాతృభాషల వివరాలనిస్తుంది. పదో తరగతి చదివే పిల్లవాడు ఆ పట్టికను తెరిచి, తన ప్రాంతపు వరుసను వెతికి, శాతాన్ని లెక్కగట్టగలడు. ఈ పని చేసిన పిల్లవాడికి శాతాల లెక్క వస్తుంది, పరిశోధన అంటే ఏమిటో తెలుస్తుంది, తన ఊరి హక్కుకు పునాది ఏదో కూడా తెలుస్తుంది.

ఇళ్ళలో ఇప్పుడు జరుగుతున్నది

తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాప్ పథకం వల్ల ఎన్నో పేద ఇళ్ళలోకి తొలిసారిగా కంప్యూటరు వచ్చింది. 2020 నాటి కరోనా కాలంలో పాఠాలు ఫోనులోకి వచ్చాయి. ఇవాళ సమాచారం దొరకడం కష్టం కాదు. బడిలో ‘మన జిల్లా నదులు’ అని ప్రాజెక్టు ఇస్తారు. పిల్లవాడు ఫోనులో వెతికి, మొదట కనిపించిన పుటను ఉన్నదున్నట్టుగా ఎత్తి రాస్తాడు. తీరిక లేని ఇంట్లో ఆ పని బ్రౌజింగు సెంటరుకు వెళుతుంది. అక్కడ విషయం పేరు చెబితే చాలు, రంగుల బొమ్మలతో నాలుగు పుటలు అచ్చు వేసి ఇస్తారు. అట్ట మీద మాత్రం పిల్లవాడి పేరుంటుంది. లోపల ఏముందో తల్లిదండ్రులకు తెలియదు, పిల్లవాడికీ తెలియదు.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. చూసి రాయడానికీ, చదివి రాయడానికీ తేడా ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు. పక్కవాడి పరీక్షా పత్రం చూసి రాస్తే తప్పని చెప్పాం. పుస్తకంలోదీ, ఫోనులోదీ చూసి రాస్తే ‘ఎంత బాగా రాశావు’ అని మెచ్చుకున్నాం. రెండూ ఒకటేనని ఇప్పుడు నచ్చజెప్పాలి.

వెతకడం ఒక విద్య

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. రాజాజీ పుట్టిన ఊరు హోసూరు దగ్గరి తొరపల్లి. పుట్టిన సంవత్సరం 1878. ఆ ఊరు ఏ జిల్లాలో ఉంది? ఒక పుస్తకంలో సేలం జిల్లా అని ఉంటుంది, మరొక చోట ధర్మపురి జిల్లా అని, ఇంకొక చోట కృష్ణగిరి జిల్లా అని ఉంటుంది. పిల్లవాడు గందరగోళపడి ఏదో ఒకటి రాసేస్తాడు. నిజానికి మూడూ సరైనవే. 1878లో అది సేలం జిల్లా. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లా విడివడింది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. ఏ పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చిందో చూస్తే చిక్కు విడిపోతుంది. ఆధారంతో పాటు దాని తేదీ కూడా రాసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఇదే సూత్రం మరొక విధంగానూ పనికి వస్తుంది. 1931 జనగణనలో కృష్ణగిరి జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు. సేలం అని వెతకాలి. 1971 జనగణనకైతే ధర్మపురి అని వెతకాలి. ఎఫ్.జె. రిచర్డ్స్ రచించగా 1918లో వెలువడిన జిల్లా గెజిటీరు సేలం పేరుతోనే ఉంది. హోసూరు, కృష్ణగిరి తాలూకాల పాత చరిత్ర కావలసినవారు దాన్ని తెరవాలి. 1792లో బారామహలు కుంపిణీ చేతికి వచ్చాక అలెగ్జాండర్ రీడు కింద థామస్ మన్రో ఇక్కడే పనిచేశాడు. కాబట్టి బారామహలు అన్న పేరుతోనూ వెతకాలి. ఏ పేరుతో వెతకాలో తెలియడమే వెతకడంలో సగం పని.

రెండో ఉదాహరణ. దేశంలో తెలుగు ఎన్నో స్థానంలో ఉన్న భాష? అంతర్జాలంలో ఎన్నో పుటలు మూడో స్థానమని చెబుతాయి. 2001 జనగణన ప్రకారం అది సరైనదే. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాట్లాడేవారు 8 కోట్ల 11 లక్షలు. మరాఠీ మనల్ని దాటడంతో మనది నాలుగో స్థానమైంది. మనకు ఇష్టమైన అంకె పాతదైతే దాన్ని వదులుకోవాలి. అప్రియమైన నిజాన్ని రాయగలిగిన పిల్లవాడి మాటకే రేపు విలువ ఉంటుంది.

మూడోది. పొట్టి శ్రీరాములు గారి నిరాహారదీక్ష ఎన్ని రోజులు? ఒకచోట 56 అని, మరొకచోట 58 అని కనిపిస్తుంది. దీక్ష మొదలైనది 1952 అక్టోబరు 19న. ఆయన కన్నుమూసింది డిసెంబరు 15న. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15 – మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకొంటే 58. రెండు పుటలు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏది బాగుందో చూడకూడదు. తేదీలు తీసుకొని మనమే లెక్క వేసుకోవాలి.

నాలుగోది మన జెండాలకు సంబంధించినది. తెలుగు గొప్పదనాన్ని చాటే ఆ ప్రసిద్ధ వాక్యాన్ని మనం ప్రతి సభలో శ్రీకృష్ణదేవరాయలదిగా రాస్తాం. అది ఆముక్తమాల్యదలో ఉన్న మాట నిజమే. అయితే అంతకు పూర్వపుదైన క్రీడాభిరామంలోనూ ఆ మాట ఉంది. ఆ గ్రంథాన్ని రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న విషయంలో పండితుల మధ్య చర్చ కూడా ఉంది. ఈ సంగతి తెలిస్తే ఆ వాక్యం విలువ తగ్గదు, దాని వయసు పెరుగుతుంది. అలాగే మన భాషను తూర్పుదేశపు ఇటాలియను అన్నారని కరపత్రాల్లో రాసుకుంటాం. ఎవరన్నారు, ఏ గ్రంథంలో, ఏ పుటలో అన్నది నేను చూసిన కరపత్రాల్లో లేదు. పిల్లలకు చెప్పే నియమం పెద్దలకూ వర్తించాలి.

ఎక్కడ వెతకాలి, ఎలా వాడుకోవాలి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమతో పెరిగిన విజ్ఞానకోశమది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అదే దాని బలం, అదే దాని బలహీనత. కాబట్టి దాన్ని గమ్యంగా కాక గుమ్మంగా చూడాలి. వ్యాసం అడుగున ‘మూలాలు’ అని ఒక పట్టిక ఉంటుంది. అందులోని పుస్తకాన్నో, పత్రికనో, ప్రభుత్వ పత్రాన్నో తెరిచి చూడాలి. మూలాలు లేని వాక్యాన్ని అనుమానంతో చదవాలి. వ్యాసం పైన ‘చరిత్ర’ అన్న చోట నొక్కితే ఎప్పుడు ఏ మార్పు జరిగిందో కనిపిస్తుంది. అందులోని పాఠాన్ని తిరిగి వాడుకోవచ్చు. కానీ రాసినవారికి గుర్తింపు ఇవ్వాలన్నది దాని లైసెన్సు షరతే.

పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు కంప్యూటరులోకి ఎక్కించిన గ్రంథాలు కూడా అక్కడ దొరుకుతాయి. మాటల అర్థాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు. 1852 నాటి బ్రౌను నిఘంటువు అందులో ఉంది. ఆయన దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. పేరు రాసి పెట్టడం వల్ల జరిగే మేలు అదే.

సరిహద్దు పిల్లలకు ఒక వరం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఒకే విషయాన్ని నాలుగు భాషల్లో వెతికి సరిచూసుకొనే అవకాశం విజయవాడ పిల్లవాడికీ లేదు, చెన్నై పిల్లవాడికీ లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వల్ల మాతృభాషకు జరిగిన నష్టంపై మన పోరాటం వేరు. మన పిల్లలకు వచ్చిన తమిళ విద్యను మాత్రం మనం ఆస్తిగానే చూడాలి. సర్కారు ఉత్తర్వును తమిళంలో చదివి, దాని సారాన్ని తెలుగులో ఇంటివారికి చెప్పగల పిల్లలు మనకు కావాలి.

అయితే ఒక జాగ్రత్త. తమిళ పుటను తెలుగులోకి మార్చి రాసినంత మాత్రాన ఆ రచన మనది అయిపోదు. భాష మారింది గానీ ఆలోచన, సేకరణ, అమరిక మరొకరివి. ‘ఫలానా తమిళ వ్యాసానికి నా అనువాదం’ అని రాయాలి. ఫోనులోని యంత్రం అనువదిస్తే ఆ సంగతీ రాయాలి.

మాటలు మార్చి రాయడం గురించి కూడా చెప్పాలి. ఒక పేరాలో నాలుగు పదాల్ని మార్చి, రెండు వాక్యాల్ని కిందా మీదా చేస్తే అది సొంత రచన కాదు. మంచి పద్ధతి ఒకటుంది. పుటను రెండుసార్లు చదవండి. ఫోను పక్కన పెట్టండి. చదివినదాన్ని అమ్మకో తమ్ముడికో చెప్పండి. వాళ్ళకు అర్థమయ్యాక, చెప్పిన మాటల్లోనే రాయండి. అయినా ఆ విషయం ఎక్కడిదో కింద చెప్పండి. ఎవరి వాక్యాన్నయినా ఉన్నదున్నట్టు రాయాలనుకుంటే కొటేషను గుర్తుల మధ్య రాయండి.

ఆధారం రాసే తీరు

ఆధారం రాయడం కష్టమైన పని కాదు. అయిదు ప్రశ్నలకు జవాబు చాలు. ఎవరు రాశారు? దాని పేరేమిటి? ఎక్కడ, ఎవరు ప్రచురించారు? ఎప్పుడు? నేను ఏ తేదీన చూశాను? చివరి ప్రశ్న అంతర్జాలానికి ముఖ్యం. అక్కడి పుట ఈరోజు ఉండి రేపు మారిపోవచ్చు. పిల్లలు ఇలా రాసుకోవచ్చు:

‘భారత జనగణన 2011, పట్టిక సి-16, మాతృభాషలు, తమిళనాడు. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం వెబ్‌సైటు. చూసిన తేదీ ఫలానా.’

అంతే. ఈ ఒక్క పంక్తి ఉంటే ఉపాధ్యాయుడైనా, అధికారి అయినా, న్యాయమూర్తి అయినా అదే పట్టికను తెరిచి సరిచూసుకోగలడు. ఆధారం చెప్పడమంటే ‘నన్ను నమ్మండి’ అనకుండా ‘మీరే చూడండి’ అనడం.

చట్టం ఏమంటుంది?

కాపీరైటు అనగానే కొందరు ఉపాధ్యాయులు భయపడుతున్నారు. అంత భయం అక్కరలేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు తగు మేరకు వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసుకొనే నకలునూ అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్సు దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన వ్యాజ్యంలో 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల అవసరం వైపే మొగ్గింది. శాసనాలనూ, గెజిటు ప్రకటనలనూ, న్యాయస్థానాల తీర్పులనూ కూడా సాధారణంగా మనం ప్రచురించుకోవచ్చు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు గడిచాక ఆయన రచనపై కాపీరైటు తీరిపోతుంది.

కానీ కాపీరైటు వేరు, చౌర్యం వేరు. అనుమతి అక్కరలేని చోట కూడా పేరు చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. నూరేళ్ళ కిందటి కవి పద్యాన్ని ఎవరైనా అచ్చు వేయవచ్చు. తన పేరు మాత్రం పెట్టుకోకూడదు. ‘ఈ రచన నాది’ అని చెప్పుకొనే హక్కు రచయితకు కాపీరైటును అమ్ముకున్న తరువాత కూడా ఉంటుందని అదే చట్టంలోని 57వ సెక్షను చెబుతుంది. ఇక కళాశాలలకు వెళితే నియమాలు ఇంకా కఠినం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరిశోధనా సిద్ధాంత గ్రంథంలో 60 శాతానికి మించి ఎత్తిరాత ఉన్నట్టు తేలితే పరిశోధకుడి నమోదే రద్దు కావచ్చు. బడిలో పడిన అలవాటు అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

యంత్రం చెప్పింది ఆధారం కాదు

2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు అలాంటివి ఎన్నో ఉన్నాయి. ప్రశ్న అడిగితే తెలుగులోనూ జవాబు రాసి పెడతాయి. వాటిని నిషేధించడం మన చేతిలో లేదు, అవసరమూ లేదు. కానీ నా వృత్తిలోనే జరిగిన ఒక సంగతి పిల్లలు తెలుసుకోవాలి. 2023లో న్యూయార్క్ న్యాయస్థానంలో ఒక విమానయాన సంస్థపై సాగిన వ్యాజ్యంలో న్యాయవాదులు కొన్ని పాత తీర్పులను ఉదహరించారు. న్యాయమూర్తి వెతికిస్తే అవి ఎక్కడా లేవు. చాట్‌జీపీటీ వాటిని పేర్లతో సహా కల్పించింది. న్యాయవాదులు సరిచూడకుండా సమర్పించారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. పెద్ద చదువులు చదివినవారికే అలా జరిగితే ఎనిమిదో తరగతి పిల్లవాడి సంగతేమిటి?

ఆ యంత్రం తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెప్పగలదు. మన ఊళ్ళ వంటి చిన్న ప్రాంతాల గురించి అంతర్జాలంలో ఉన్నది కొద్ది. ఉన్నది కొద్దయిన చోట కల్పనకు చోటెక్కువ. కాబట్టి నియమం ఒకటే. అది చెప్పిన పుస్తకం పేరును మీరు స్వయంగా వెతికి, తెరిచి, చదివాకే రాయాలి. దొరకకపోతే రాయకూడదు. దాని సాయం తీసుకుంటే తీసుకున్నానని చెప్పాలి.

ఫోనుల్లో తిరిగే సందేశాలకూ ఇదే నియమం. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పదో తరగతి పరీక్ష రాసే భాషా మైనారిటీ విద్యార్థులకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపును పొడిగించింది. అది ఆ ఏడాదికి పరిమితమైన ఊరట. అలాంటి ఉత్తర్వు ‘నిర్బంధ తమిళం రద్దయింది’ అన్న ఒక్క వాక్యంగా మారి ఫోనుల్లో తిరిగితే, దాన్ని నమ్మిన తండ్రి మరుసటి ఏడాది కొడుకును పరీక్షకు సిద్ధం చేయించడు. నష్టపోయేది ఆ పిల్లవాడు. ఏ కోర్టు, ఏ తేదీ, ఎవరికి, ఎంతకాలం – ఈ నాలుగూ ఉత్తర్వులో చూసేదాకా ఏ సందేశాన్నీ ముందుకు పంపకండి.

అంతర్జాలంలో లేనిది మన ఇంట్లో ఉంది

ఇంతవరకు ఇతరుల నుంచి తీసుకోవడం గురించి చెప్పాను. ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలను వెలువరించింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతుల దగ్గరికీ, నేతగాళ్ళ దగ్గరికీ వెళ్ళి వారి నోటి మాటలను సేకరించిన గొప్ప కృషి అది. కానీ ఆ సర్వే సాగింది ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. సరిహద్దుకు ఇవతల పడిన మొరసునాటి రైతు మాటలను రాసి పెట్టవలసిన పని మనది.

రాగిచేను విత్తడం నుంచి కుప్ప నూర్పిడి దాకా మీ తాత వాడిన పనిముట్ల పేర్లేమిటి? మామిడి తోటలో కాయను ఏ దశలో ఏమంటారు? మీ అవ్వ పండుగనాడు పాడే పాట ఎవరి దగ్గర నేర్చుకున్నది? ఇవి ఏ వెబ్‌సైటులోనూ వెతికితే దొరికేవి కావు. పిల్లవాడు వీటిని రాసుకుంటే అతడి నోటు పుస్తకమే మూలమవుతుంది. ఇక్కడ కూడా ఆధారం రాయాలి. చెప్పినవారి పేరు, వయసు, ఊరు, తేదీ. అవ్వ చెప్పిన మాటను పుస్తక భాషలోకి దిద్దకుండా ఆమె పలికినట్టే రాయాలి. ఫోనులో రికార్డు చేసేముందు ఆమెను అడగాలి. నలుగురికీ వినిపించవచ్చునా అని వేరుగా అడగాలి. వద్దంటే మానాలి. అచ్చయిన పుస్తకం రాసినవారికి ఎంత గౌరవం ఇస్తామో, చదువు రాని అవ్వకూ అంతే గౌరవం ఇవ్వడమే నిజాయితీ. మన భాషను ఇన్నాళ్ళు నిలబెట్టినవారిలో పేరు లేని అవ్వలే ఎక్కువ.

ఎవరు ఏం చేయాలి?

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు కంప్యూటరు రాకపోయినా, ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడు ప్రాజెక్టు తెచ్చి చూపినప్పుడు ‘యాడ దొరికిందిరా ఇది?’ అని ఒక్క మాట అడగండి. ‘నీకేమర్థమైందో నాకు చెప్పు’ అని రెండో మాట అడగండి. ఈ రెండు ప్రశ్నలూ అడిగే ఇంట్లో ఎత్తిరాత సాగదు. అచ్చు వేయించిన నాలుగు పుటల కంటే చేత్తో రాసిన ఒక్క పుటను ఎక్కువగా మెచ్చుకోండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ‘కృష్ణగిరి జిల్లా గురించి రాయండి’ అంటే పిల్లలు ఎత్తి రాయక ఏం చేస్తారు? ‘మీ ఊరి చెరువు కింద నేడు సాగయ్యే పొలమెంత, మీ తాత కాలంలో ఎంత’ అని అడగండి. ఎత్తి రాయడానికి వీలులేని ప్రశ్న అడగడమే ఎత్తిరాతకు మందు. ఆధారం రాసినందుకు రెండు మార్కులు కేటాయించండి. తెలుగులో ఆధారం రాసే నమూనా ఒకటి తరగతి గోడకు అంటించండి.

మన ఉద్యమానికీ ఒక మనవి. మన కరపత్రాల్లో, వినతిపత్రాల్లో, పత్రికల్లో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో రాద్దాం. ఆధారం లేని అంకె ఎంత పెద్దదైనా తీసివేద్దాం. పెద్దలు పాటించని నియమాన్ని పిల్లలు పాటించరు.

చివరిగా ఒక మాట. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన జరుగుతుందని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. గణకుడు అడిగే మాతృభాష ప్రశ్నకు మనం చెప్పే జవాబే రేపటి సి-16 పట్టిక. రేపటి పిల్లలు తమ ప్రాజెక్టుల్లో ఉదహరించే ఆధారం అదే, రేపటి న్యాయవాది కోర్టులో చూపే కాగితమూ అదే. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగనే చెప్పండి. గణకుడు ఏం నమోదు చేశాడో అడిగి తెలుసుకోండి. పిల్లలను పక్కన నిలబెట్టుకోండి. ఒక ఆధారం ఎలా పుడుతుందో వాళ్ళు కళ్ళారా చూస్తారు.